‘ఇవాళ గాలి ఎక్కువుంది, వద్దు’ అనలేకపోయాను

అమెరికా మిడ్‌వెస్ట్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు, యూనిట్ వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయనకు 47 ఏళ్లు. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరేళ్ల కిందట ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నారు, ఇప్పటికి 210 గంటలు నడిపారు. కూతురికి 14 ఏళ్లు. ఆ పాప సివిల్ ఎయిర్ పాట్రోల్‌లో (అమెరికా వైమానిక దళానికి సాయంగా పనిచేసే పౌర వలంటీర్ల సంస్థ) క్యాడెట్‌గా చేరితే, వారం వారం దింపడానికి వెళ్లి, బయట కారులో కూర్చోవడం విసుగొచ్చి, తానూ లోపలికెళ్లి సభ్యుడయ్యారు. యూనిఫాంలో దిగిన ఫొటో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే, ఊళ్లో ఉన్న బాబాయిగారు ‘మావాడు అమెరికా ఎయిర్‌ఫోర్సులో చేరాడు’ అని నలుగురికీ చెప్పేశారట.

అసలు సంగతి ఈ వసంతకాలంలో జరిగింది. సంస్థ విమానాలు నడిపే పైలట్లు ఏడాదికోసారి చెక్ రైడ్ ఇవ్వాలి. వాళ్ల భాషలో ‘ఫారం 5’. ముందు నోటితో జవాబు చెప్పే ప్రశ్నలు, అంటే ఓరల్, తర్వాత పరీక్షించే చెక్ పైలట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని గాల్లో పరీక్ష. ఈయన మూడు వారాల పాటు రాత్రి ఒంటిగంట దాకా చదివారు. ఓరల్‌లో ఒక్క ప్రశ్న తప్పలేదు. గాల్లోకి వెళ్లాక మూడు చోట్ల దెబ్బతిన్నారు. విమానాన్ని బాగా వాల్చి, ఎత్తు మారకుండా తిప్పే స్టీప్ టర్న్‌లో 180 అడుగులు దిగిపోయారు. నేల నుంచి 3,000 అడుగుల ఎత్తులో ఉండగా చెక్ పైలట్ ఇంజన్ పవర్ తగ్గించే థ్రాటిల్ వెనక్కి లాగి ‘ఇంజన్ పోయింది’ అంటే, కొన్ని సెకన్లు ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. ఈలోగా వేగం పడిపోయింది, దిగడానికి ఎంచుకున్న పొలం వెనకగాలితో దిగాల్సినదైంది, ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో తిప్పే ఫ్యూయల్ సెలెక్టర్ చూడటం మర్చిపోయారు. చివర్లో అడ్డగాలికి రన్‌వే మధ్యగీతకు దూరంగా, పక్కకి జారుతూ దిగారు. ఫలితం అన్‌సాటిస్‌ఫాక్టరీ.

కిందికొచ్చాక చెక్ పైలట్ ఒక్క ప్రశ్న అడిగారట. ‘నువ్వు ఒక్కడివే అయితే ఈ గాలిలో ఇవాళ బయల్దేరేవాడివా?’ ఈయన ‘లేదు’ అన్నారు. ‘మరి నేను పక్కన కూర్చుంటే గాలి తగ్గిందా?’ అన్నారాయన.

ఇంట్లో కూతురితో ‘వాతావరణం బాగోలేదు, వాయిదా పడింది’ అని చెప్పారు. భార్య మాత్రం గ్రహించి, ‘డబ్బు పోతే పోయింది, ఈ రిస్కు మనకెందుకు’ అంటున్నారు. తోటి సభ్యులేమో పక్క ఊరి చెక్ పైలట్ మెతక, ఆయన దగ్గరికెళ్తే పనైపోతుందని సలహా ఇస్తున్నారు. ‘జీవితంలో ఏ పరీక్షా తప్పలేదు. జీతం లేని పని కోసం ఇంత అవమానం అవసరమా? మెతక మనిషి దగ్గరికి వెళ్లనా, మానేయనా, మా అమ్మాయికి ఏం చెప్పను?’ అని అడిగారు.

*

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన వాక్యాన్ని మీరు మధ్యలో ఎక్కడో, పెద్దగా పట్టించుకోకుండా రాసేశారు. ‘పాపం ఆయన శనివారం పూట అరవై మైళ్లు కారేసుకుని వచ్చారు, వద్దని ఎలా చెబుతాం?’ అన్నారు. స్టీప్ టర్న్ సంగతి తర్వాత చూద్దాం. మీ చెక్ రైడ్ విమానం ఎక్కకముందే, ఆ వాక్యం దగ్గరే పాడైంది.

ఆ రోజు గాలి 12 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), ఉండుండి 18 దాకా ఎగిసిందనీ, రన్‌వేకి 60 డిగ్రీల పక్క నుంచి వీచిందనీ రాశారు. లెక్క వేస్తే 18 నాట్ల విసురులో అడ్డంగా పడేది 15కి పైమాటే. మీరు నడిపిన సెస్నా 172ఎస్ మాన్యువల్‌లో చూపించిన అడ్డగాలి అంకె 15 నాట్లు. అది దాటరాని హద్దేమీ కాదు, ఫ్యాక్టరీ పైలట్ దింపి చూపించిన అంకె అంతే. అలవాటున్నవాళ్లు ఆ గాలిలోనూ దింపుతారు. మీరు మాత్రం ఆరు నెలల్లో నాలుగుసార్లే ఎగిరారు, ఆ నాలుగూ ప్రశాంతమైన ఉదయాలే. కాబట్టి ఆ అంకె ఫ్యాక్టరీ పైలట్‌ది, మీది కాదు. ఈ లెక్కంతా ఓరల్‌లో మీరే కాగితం మీద వేసి చూపించారు. అంటే ఆ గాలి మీకు ఎక్కువని తెలిసే, మొహమాటానికి బయల్దేరారు.

మొహమాటం మనకు చిన్నప్పటి నుంచి ఉగ్గుపాలతో పట్టిన గుణం. భోజనం దగ్గర ‘ఇంకొంచెం’ అంటే కాదనలేం, పెద్దాయన లేస్తేగానీ లేవం. వీటివల్ల పోయేదేమీ లేదు, అరకిలో బరువు పెరుగుతాం. పైలట్ కూర్చునే ఎడమ సీట్లో ఉన్నప్పుడు మాత్రం దీన్ని గడప బయట వదిలెయ్యాలి. ఇరవై ఏళ్లు చిన్న విమానాల ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను. మనవాళ్లలో చాలామందికి విమానం పట్టుబడటానికి పెద్ద కష్టం ఉండదు. ‘వద్దు’ అనడం దగ్గరే ఇబ్బంది పడతారు.

ఆ మొహంలోకి చూడటమూ ఇలాంటిదే. థ్రాటిల్ వెనక్కి రాగానే మీరు పక్కవైపు ఎందుకు చూశారు? మాస్టారి మొహంలో జవాబు దొరుకుతుందని. బ్లాక్‌బోర్డు దగ్గర నిలబెట్టినప్పుడు సగం జవాబు చెప్పి, మాస్టారి కనుబొమ్మలు చూసి మిగతా సగం సరిచేసుకున్న అలవాటు మనకందరికీ ఉంది. చెక్ పైలట్ కనుబొమ్మలు కదపడు. ఆ పూట పైలట్ మీరు, ఆయన ప్రయాణికుడిలా కూర్చుని చూసే మనిషి.

ఆ ఇంజన్ ఘట్టం గురించి ఇంకాస్త చెప్పాలి. ‘టైం లేదు, అంతా క్షణాల్లో అయిపోయింది’ అని రాశారు. నిజంగా టైం లేదా? 172ఎస్‌ను పూర్తి బరువులో ఇంజన్ లేకుండా ఎక్కువ దూరం తీసుకెళ్లే వేగం 68 నాట్లు. ఆ వేగం పట్టుకుంటే, గాలి లేనప్పుడు వెయ్యి అడుగులకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతుంది. 3,000 అడుగులంటే నాలుగున్నర మైళ్లు, సుమారు నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల్లో పొలం వెతకొచ్చు, గాలి ఎటో చూసుకోవచ్చు, ఫ్యూయల్ సెలెక్టర్, పంపు, మిక్స్చర్ చేత్తో తాకి సరిచూడొచ్చు, రేడియోలో చెప్పొచ్చు. ముందు 68 పట్టుకోవాలి, అంతే. అది పట్టుకోకపోతే మిగతావన్నీ తరుముకొచ్చినట్టే ఉంటాయి. మీ చేతులు ఆ మొదటి పని చేయకుండా ఆగిపోయాయి. 68 అనే అంకె మాత్రం మీకు నిద్రలో లేపినా వస్తుంది.

ఇక్కడే మీ ప్రిపరేషన్ సంగతి తేలిపోతుంది. మీరు ఎంసెట్‌కు చదివినట్టు చదివారు. బిట్లు, రూల్సు, అంకెలు. అందుకే ఓరల్ అంత బాగా చేశారు. చెక్ రైడ్‌లో ర్యాంకు ఉండదు, నూటికి తొంభై అంటూ ఉండదు. స్టీప్ టర్న్ తీసుకోండి. 45 డిగ్రీల వాలు, ఎత్తు వంద అడుగులకు మించి అటూ ఇటూ పోకూడదు, వేగం పది నాట్లకు మించి మారకూడదు. అమెరికాలో పౌర విమానయానాన్ని నియంత్రించే ఎఫ్‌ఏఏ ప్రమాణాల్లో ప్రైవేట్ పైలట్‌కు రాసింది ఇది. 180 అడుగులు దిగిపోతే, ఓరల్‌లో తెచ్చుకున్న మార్కులు అక్కడికి తెచ్చి కలపరు. మీరు చూసిన వీడియోల్లో సగం మానేసి ఆ మూడు వారాల్లో మూడుసార్లు ఎగిరి ఉంటే బాగుండేది.

ఇక ‘జీతం లేని పని’ అన్న మాటకొద్దాం. ఉక్రోషంలో రాశారని తెలుసు, అయినా వదిలిపెట్టను. మీరు చేరిన సంస్థ 1941 డిసెంబర్ 1న, అంటే పెర్ల్ హార్బర్ దాడికి ఆరు రోజుల ముందు పుట్టింది. యుద్ధకాలంలో మామూలు పౌరులు సొంత చిన్న విమానాలు తీసుకుని, అట్లాంటిక్ తీరం వెంబడి జర్మన్ జలాంతర్గాముల కోసం గాలించారు. వాళ్లలో కొందరు సముద్రంలో కూలిపోయి తిరిగి రాలేదు. 1948 నుంచి అది అమెరికా వైమానిక దళానికి అధికారిక సహాయక సంస్థ. 2001 సెప్టెంబర్ 11 తర్వాతి రోజు, దేశమంతా పౌర విమానాలు నేల మీదే ఉన్నప్పుడు, న్యూయార్క్ శిథిలాలను పైనుంచి ఫొటో తీయడానికి వెళ్లింది ఈ సంస్థ విమానమే. జీతం లేదు సరే. మీ వెనక సీట్లో కూర్చునే స్కానర్‌కీ జీతం లేదు. తప్పిపోయిన విమానం కోసం కిటికీలోంచి నేలకేసి చూస్తూ, మీరెలా నడుపుతున్నారో చూసుకునే తీరిక కూడా లేకుండా కూర్చుంటాడు. ఓరియంటేషన్ ఫ్లైట్ల పేరుతో క్యాడెట్లను ఎక్కిస్తారు. వాళ్లలో పన్నెండేళ్ల పిల్లలుంటారు. చెక్ పైలట్ సంతకం పెట్టేది వీళ్లందరి తరఫున. వలంటీర్లు కదా, కాస్త చూసీ చూడనట్టు పోనిద్దాం అనే వీలు అక్కడ ఉండదు.

అలాగని ఆ చెక్ పైలట్ చేసిందంతా బాగుందని అనను. ఆ ప్రశ్న బయల్దేరే ముందే అడిగి ఉండొచ్చు కదా అని మీకు అనిపించింది. నాకూ అనిపించింది. నేనైతే ముందే అడిగేవాణ్ని. కానీ ఆయనకు ఆ గాలి పెద్ద లెక్కలోది కాదు, విమానం ఆయన చేతికి అందే దూరంలోనే ఉంది. మీరు వద్దని ఉంటే ఫెయిల్ చేసేవారు కాదు. కాఫీ తాగి, ఇంకో శనివారం పెట్టుకునేవారు. ఇలాంటి వాయిదాలు మామూలే.

అవమానం గురించి ఒక్క మాట. మీ లైసెన్సు మీ దగ్గరే ఉంది. ఇది ఎఫ్‌ఏఏ పరీక్ష కాదు, సంస్థ లోపలి పరీక్ష. మళ్లీ పాసయ్యేదాకా సంస్థ విమానాన్ని పైలట్‌గా నడపకూడదు, అంతవరకే. నేను కమర్షియల్ లైసెన్సు పరీక్షలో, ఇంజన్ పవర్ తీసేసి అనుకున్న చోట దిగాల్సిన విన్యాసంలో, గీతకు ముందే దిగి తప్పాను. రెండు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు ఆ రన్‌వే నంబరు కూడా గుర్తులేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఎటు వెళ్లాలో నేను చెప్పను, ఎటు వెళ్తే ఏమవుతుందో చెబుతాను.

అదే చెక్ పైలట్ దగ్గరికి మళ్లీ వెళ్లడం ఒకటి. మీరెక్కడ జారారో ఆయనకు తెలుసు, అదే చూస్తారు. ఇబ్బంది ఏమిటంటే ఆయనంటే మీకిప్పుడు మొహమాటానికి తోడు భయం కూడా పట్టుకుంది. గాలి మళ్లీ ఎక్కువైతే, ‘రెండోసారి కూడా వద్దంటే ఏమనుకుంటారో’ అని ఈసారి ఇంకా గట్టిగా అనిపిస్తుంది. అందుకని ముందురోజు రాత్రే ఆయనకు మెసేజ్ పెట్టండి: ‘అడ్డగాలి ఎనిమిది నాట్లు దాటితే నేను రాను, ఉదయం ఏడింటికి చూసి చెబుతాను.’ మొహం చూడనక్కర్లేని చోట వద్దనడం తేలిక. మొదట్లో అలాగే నేర్చుకోండి, తప్పేం లేదు.

రెండోది ఆ ‘మెతక’ మనిషి. ముందు ఆ మాటనే నేను నమ్మను. గట్టిగా మాట్లాడేవాణ్ని కఠినుడనీ, నవ్వుతూ మాట్లాడేవాణ్ని మెతక అనీ మనవాళ్లు పేరు పెట్టేస్తారు. నవ్వుతూ మాట్లాడేవాళ్లు నవ్వుతూనే ఫెయిల్ చేయడం నేను చూశాను. ఒకవేళ నిజంగానే మెతక అనుకుందాం. సంతకం దొరుకుతుంది. వచ్చే నవంబర్‌లో అదే 18 నాట్ల విసురులో, వెనక సీట్లో ఒక స్కానర్‌తో మీరు దిగుతుంటారు. చెక్ పైలట్‌ను మార్చడం మాత్రం తప్పు కాదు. కొత్త కంటికి కొత్త లోపం కనిపిస్తుంది. మారదలుచుకుంటే మీ యూనిట్‌లో పైలట్ ప్రమాణాలు చూసే స్టాన్-ఎవాల్ ఆఫీసరుతో చెప్పి మారండి. పాత ఫారం సంగతి కొత్తాయన అడక్కముందే మీరే చెప్పండి. దాచిపెట్టి వెళ్తే పరీక్షకంటే ఆ దాచిన సంగతే మిమ్మల్ని ఎక్కువ తినేస్తుంది.

మూడోది, ఒక ఏడాది కుడివైపు సీటు. అబ్జర్వర్‌గా, స్కానర్‌గా శిక్షణ తీసుకోవచ్చు. రేడియో, మ్యాపు, వెతికే పద్ధతి అన్నీ నేర్చుకుంటారు. ఇంకొకరు ‘ఇవాళ వద్దు’ అనడం దగ్గర్నుంచి చూస్తారు. మీకు కావాల్సిన చదువు ఇదే అని నా అనుమానం. చిక్కల్లా ఇప్పటికే తుప్పు పట్టిన చేతులు ఇంకా తుప్పు పడతాయి. అందుకని నెలకోసారైనా అద్దె విమానంలో ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరాలి, ఆ ఖర్చు మీదే.

నాలుగోది మానేయడం. చాలామంది మంచి పైలట్లు ఏదో ఒక రోజు తాళాలు ఇచ్చేసి హాయిగా ఉన్నారు. ఆ నిర్ణయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఈ నెలలో తీసుకోవద్దు. ఇప్పుడు మానేస్తే, ఎందుకు మానేశారని ఎవరడిగినా మీ దగ్గర ఒక్క జవాబే ఉంటుంది, అది మీకే నచ్చదు.

మొదటి రెండింట్లో ఏది ఎంచుకున్నా, వెళ్లే ముందు చేతులకు పని చెప్పండి. ఇన్‌స్ట్రక్టర్‌తో నాలుగైదుసార్లు, వారానికోసారి. రెండు పూటలు అడ్డగాలి ల్యాండింగులే చేయండి, ఆరేడు నాట్లతో మొదలుపెట్టి పైకి. స్టీప్ టర్న్‌లో మీ కళ్లు తెర మీద అంకెలకు అతుక్కుపోయి ఉంటాయి. ఆ తెర చీకటి చేసి, ముక్కు ఆకాశపు అంచు మీద ఎక్కడుందో చూసి తిప్పమని మీ ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. రెండు ప్రయత్నాల్లో తేడా తెలుస్తుంది. ఇంజన్ పోయినప్పుడు మొదటి పని ఏమిటో పైకి అరిచి చెప్పండి: ‘అరవై ఎనిమిది!’ నోరు మాట్లాడుతుంటే తల పక్కకు తిరగదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక్కో స్విచ్చికీ చెయ్యి చాపుతూ మాన్యువల్‌లో అత్యవసర పరిస్థితుల గురించిన మూడో సెక్షన్ మొత్తం చేయండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. చివర్లో మీకు అస్సలు పరిచయం లేని ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక నకిలీ చెక్ రైడ్ పెట్టుకోండి. కొత్త మనిషి పక్కన మీ మెడ ఎటు తిరుగుతుందో అప్పుడు తెలుస్తుంది. పరీక్ష ముందు రాత్రి మాత్రం పుస్తకం ముట్టొద్దు, తొమ్మిదింటికే పడుకోండి.

మీ భార్య మాటను మీరు డబ్బు గొడవగా తీసుకున్నారు. నాకలా వినిపించలేదు. ‘డబ్బు పోతే పోయింది’ అన్న మనిషి బాధ డబ్బు గురించి ఎందుకవుతుంది? ఆమెకు భయం. ఆ భయానికి మీ దగ్గరున్న మంచి జవాబు, మీరు సొరుగులో దాచిన ఆ ఫెయిలైన కాగితమే. తీసుకెళ్లి ఆమె ముందు పెట్టండి. ‘నేను సిద్ధంగా లేనప్పుడు నన్ను ఆపేవాళ్లు ఉన్నారు’ అని చెప్పండి. అడిగిన ప్రతివాడికీ సంతకం పెట్టే చోటైతే ఆమె భయపడాల్సిందే, నేనూ ఆమె పక్షమే మాట్లాడేవాణ్ని. అంతా విన్నాక కూడా వద్దంటే, అది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. అందులో నేను వేలు పెట్టను.

బాబాయిగారి సంగతి వదిలెయ్యండి. ఆయన సంతోషానికి మీ ఫారం 5తో సంబంధం లేదు.

ఇక అమ్మాయి. ‘వాయిదా పడింది’ అన్న అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు. ఆ పాప క్యాడెట్, అదే బిల్డింగులో తిరుగుతుంది, ఎవరో ఒకరు నోరు జారతారు. వాళ్ల నోటి నుంచి వినకముందే మీరు చెప్పండి. ‘ఫెయిలయ్యాను’ అని మొదలుపెట్టండి. తర్వాత ఆ అరవై మైళ్ల పెద్దాయన సంగతి, వద్దనాలని ఉన్నా అనలేకపోయిన సంగతి చెప్పండి. రేపు ఏ స్నేహితురాలో ‘ఎక్కు, నేనే డ్రైవ్ చేస్తాను’ అన్నప్పుడు ఎక్కాలో వద్దో తేల్చుకోవాల్సిన వయసు ఆ పిల్లకూ దగ్గర్లోనే ఉంది.

ఆ తర్వాత ఒక తెల్లకాగితం తీసుకోండి. అడ్డగాలి ఎంత దాటితే వెళ్లరో, మేఘం ఎంత కిందికుంటే వెళ్లరో, ఎన్ని గంటలు నిద్ర లేకపోతే వెళ్లరో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. క్యాడెట్ కాబట్టి వాతావరణ రిపోర్టు చదవడం నేర్చుకునే ఉంటుంది, లేకపోతే మీరే నేర్పండి. రెండో చెక్ రైడ్ రోజు ఉదయం ఏడింటికి ఫోను ఆమె చేతికివ్వండి. గాలి అంకె ఆమె చదువుతుంది, ఎనిమిది దాటితే చెక్ పైలట్‌కు మెసేజ్ మీరు పెడతారు.